అల్జీమర్స్ అని తేలిన తర్వాత: ఆ మనిషికి ఎలా చెప్పాలి, ముందుగా ఏమేం చక్కబెట్టుకోవాలి

"డాక్టరు చెప్పిన సంగతి బాపుకు చెప్పాలా, దాచాలా?" అనే ప్రశ్న, అల్జీమర్స్ (మతిమరుపుతో మొదలై మెల్లగా ముదిరే మెదడు జబ్బు) అని తేలిన ఇళ్ల నుంచి, రకరకాల మాటల్లో నాకు మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నది. అడిగేవారిలో ఎక్కువమంది కొడుకులు, బిడ్డలు, కోడళ్లు. జబ్బు వచ్చిన మనిషి స్వయంగా అడగడం చాలా అరుదు, ఎందుకంటే తన జబ్బు పేరు ఆ మనిషికి ఎవరూ చెప్పి ఉండరు.

నా సమాధానం ఇది. జబ్బు తొలి దశలో ఉంటే చెప్పాలి, అదీ ఆలస్యం లేకుండా చెప్పాలి. ఆ దశలో మనిషి నిన్నటి మాట మరిచిపోవచ్చు గానీ, తన పొలం ఎవరు చూడాలో, తాను ఎవరి దగ్గర ఉండాలో, ఏ వైద్యం వద్దో స్పష్టంగా చెప్పగలరు. ఆ శక్తి కొంతకాలమే ఉంటుంది. "తట్టుకోలేడు" అని దాచిన ఇంట్లో ఆ కాలం ఊరికే గడిచిపోతుంది, తర్వాత అన్ని నిర్ణయాలూ ఇతరులే తీసుకోవలసి వస్తుంది.

రెండు మినహాయింపులు ఉన్నాయి. జబ్బు ముదిరి, చెప్పిన మాటను పట్టుకునే స్థితి లేనివారికి పేరు పెట్టి చెప్పడం వల్ల భయమే తప్ప ప్రయోజనం ఉండదు. "నాకేం చెప్పకుర్రి, మీరే చూసుకోర్రి" అని తమంతట తామే అన్నవారిని బలవంతపెట్టకూడదు. అయితే ఆ మాట వారి నోట రావాలి; మీరు ఊహించుకున్నది చాలదు.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- ఇప్పటివరకు చేసిన పరీక్షల కాగితాలు, స్కానింగ్ ఫిల్ములు, వాడుతున్న అన్ని మాత్రల స్ట్రిప్పులు (ఆయుర్వేదం, పసరు మందులతో సహా)
- ఒక పెద్ద నోటుపుస్తకం
- ఆధార్, బ్యాంకు పుస్తకాలు, పట్టాదారు పాసుపుస్తకం, పింఛను కాగితాలు, బీమా పత్రాలు
- ఫోను పట్టని, చుట్టాలు రాని ఒక ఉదయం
- ఆ మనిషి ఎక్కువగా నమ్మే ఒక్కరు. అది పెద్దకొడుకే కావాలన్న నియమం లేదు

1. నిర్ధారణ గట్టిదో కాదో ముందు తేల్చుకోండి

"పెద్దతనం, మతిమరుపు మామూలే" అన్న మాట ఎంత తప్పో, ఒక్కసారి చూసి "అల్జీమర్స్" అని రాసిన చీటీని వెంటనే నమ్మడం కూడా అంతే తప్పు. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ తగ్గడం, రక్తంలో సోడియం తగ్గడం, దిగులు జబ్బు, పాత దెబ్బ వల్ల తలలో నెమ్మదిగా రక్తం చేరడం, ఏళ్ల తరబడి వేసుకుంటున్న నిద్రమాత్రలు కూడా మతిమరుపు తెస్తాయి, వీటిలో చాలావాటికి చికిత్స ఉన్నది. కాబట్టి బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగరు, మూత్రపిండాలు, కాలేయం, సోడియం పరీక్షలు, సీటీ లేదా ఎంఆర్ఐ స్కానింగ్ జరిగాయో లేదో చూసుకోండి. చెవుడు, కంటిపొర ఉన్నాయేమో కూడా చూపించండి. ప్రశ్నే వినపడని మనిషి సరైన జవాబు ఎలా చెబుతారు?

వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రి, కాకతీయ మెడికల్ కళాశాల ఆవరణలోని సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉన్నాయి. అనుమానం మిగిలితే హైదరాబాదులోని నిమ్స్ న్యూరాలజీ విభాగంలో రెండో అభిప్రాయం తీసుకోవచ్చు.

జ్ఞాపకశక్తి పరీక్ష విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. బడి ముఖం చూడని అవ్వను గడియారం బొమ్మ గీయమని, వంద లోంచి ఏడు తీసివేస్తూ పొమ్మని అడిగి, ఆమె చేయలేకపోతే మార్కులు వేయడం న్యాయం కాదు. పరీక్ష తెలుగులో, ఆమె చదువుకు తగినట్టు జరగాలి. అంతకంటే ముఖ్యంగా, ఇదివరకు తాను చేసిన పనిలో ఏం తేడా వచ్చిందో డాక్టరుకు మీరు చెప్పాలి. చీటీ పైసల లెక్క నోటితోనే చెప్పే మనిషి ఇప్పుడు తప్పుతున్నారా, పత్తికి కొట్టే మందు ఎంత నీటిలో కలపాలో తడబడుతున్నారా, తెలిసిన దారిలోనే ఇల్లు దొరక్క తిరిగారా అన్నవి స్కానింగులో కనిపించవు.

హెచ్చరిక: రెండు మూడు రోజుల్లోనే మనిషి పూర్తిగా తికమకపడితే, పగలు నిద్ర, రాత్రి కలవరింతలు మొదలైతే, దానిని అల్జీమర్స్‌గా భావించకండి. ఇన్‌ఫెక్షన్, పక్షవాతం, మందుల ప్రభావం వంటివి కావచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

2. చెప్పండి

వీలైతే డాక్టరు నోటనే, ఆ మనిషి ఎదుటనే చెప్పించండి. మన దగ్గర జరిగేది వేరు. పెద్దమనిషిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి కొడుకును లోపలికి పిలుస్తారు, కొడుకు ముఖం వేలాడేసుకొని బయటికి వస్తాడు, "ఏమన్నడురా?" అంటే "ఏం లేదు, బలానికి మందులు రాసిండు" అంటాడు. ఆ ముఖం చూసిన తండ్రికి ఏదో దాస్తున్నారని అప్పుడే తెలిసిపోతుంది, ఏమిటో మాత్రం తెలియదు. ఇంతకంటే పేరు చెప్పడమే మేలు.

ఇంట్లో చెప్పవలసి వస్తే ఉదయం పూట, చాయ్ తాగి స్థిమితంగా ఉన్నప్పుడు చెప్పండి. సాయంత్రానికి చాలామందికి అలసట, గందరగోళం పెరుగుతాయి. ఒక్కరో ఇద్దరో ఉండాలి. ఇల్లంతా చుట్టూ కూర్చుంటే పంచాయితీలా ఉంటుంది. మాటలు పొట్టిగా, మీ ఇంటి భాషలో ఉండాలి. ఉదాహరణకు ఇలా మొదలుపెట్టవచ్చు:

"బాపు, నీ మతిమరుపు సంగతి డాక్టరు చెప్పిండు. అది నీకు తెల్వాలె. దాన్ని అల్జీమర్స్ అంటరు. మెదడుకు వచ్చే జబ్బు, మెల్లమెల్లగ పెరుగుతది. మందు ఉన్నది గని పూర్తిగ తగ్గదు. ఇప్పుడైతే నీ పనులన్నీ నువ్వే చేసుకుంటున్నవ్. ముందు ముందు ఏం జేయాల్నో నువ్వే చెప్పాలె. మేం నీ ఎంబడే ఉంటం."

ఇంత చెప్పి ఆగండి. ఆగడమే కష్టం, మౌనాన్ని నింపడానికి ధైర్యవచనాలు తన్నుకొని వస్తాయి. వాటిని ఆపుకొని, ఆయన అడిగేదాని కోసం చూడండి. సాధారణంగా వచ్చే ప్రశ్నలు రెండు.

"అంటే నేను పిచ్చోన్నయితనా?" అని అడిగితే, "కాదు బాపు, అది వేరు, ఇది వేరు. బీపీ, షుగర్ లెక్క ఇది సుత ఒక జబ్బే" అనండి.

"ఎన్ని దినాలు బతుకుత?" అని అడిగితే, "ఆ లెక్క డాక్టరు సుత చెప్పలేడు. ఇది దినాల్ల అయ్యేది కాదు, ఏండ్లు పడుతది" అనండి. ఇది నిజం; మనిషికీ మనిషికీ జబ్బు వేగంలో చాలా తేడా ఉంటుంది. "ఏం కాదు, తగ్గిపోతది" అని మాత్రం అనకండి. ఆరు నెలల తర్వాత తగ్గకపోతే మీ తర్వాతి మాటలేవీ నమ్మరు.

కోపం వచ్చినా, ఏడ్చినా, లేచి వెళ్లిపోయినా వెంట పడకండి. "నాకేం కాలే, మీరే పిచ్చోళ్లు" అన్నవారిలో కొందరిది మొండితనం కాదు. తన లోపం తనకు తెలియకపోవడం ఈ జబ్బు లక్షణాల్లోనే ఒకటి. అటువంటి వారితో వాదించి గెలవడం సాధ్యం కాదు. జబ్బు పేరు పక్కన పెట్టి, "మరుపు ఎక్కువైంది గద, కాగితాలు ఓసారి చూసుకుందాం" అని మూడో మెట్టుకు వెళ్లండి.

చెప్పిన సంగతి మరిచిపోతే మళ్లీ చెప్పాలా అని చాలామంది అడుగుతారు. గుర్తుచేయడం కోసమే చెప్పనక్కర లేదు. ఆయనే అడిగితే అంతే నిజంగా, అంతకంటే పొట్టిగా చెప్పండి.

హెచ్చరిక: చెప్పిన తర్వాత తిండి మానేసినా, నిద్ర పోకపోయినా, "మీకు బరువెందుకు, నేను పోతే అయిపాయె" వంటి మాటలు వచ్చినా తేలికగా తీసుకోకండి. దిగులు జబ్బుకు చికిత్స ఉన్నది. ఇంట్లో, బావి దగ్గరి కొట్టంలో ఉన్న పురుగుల మందులను వెంటనే అక్కడినుంచి తీసివేయండి, మనిషిని ఒంటరిగా వదలకండి, డాక్టరుకు చెప్పండి. టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను) 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

నిర్ధారణ అయింది మీకే అయి, ఈ వ్యాసం మీరే చదువుతుంటే, ఈ మెట్టును తిప్పి చదువుకోండి. ఇంట్లోవారికి చెప్పవలసింది మీరు. మీరు నోరు విప్పేదాకా వాళ్లు మీ ముందు నటిస్తూ ఉంటారు, మీరు వాళ్ల ముందు నటిస్తూ ఉంటారు.

3. వారి మాటను వారి నోటనే రాసుకోండి

నోటుపుస్తకం తెరిచి, ఒకే రోజు కాకుండా నాలుగైదు సార్లుగా అడగండి. ఎవరి దగ్గర ఉండాలని ఉన్నది, ఊళ్లోనా, హైదరాబాదులోనా? డబ్బు వ్యవహారం ఎవరు చూడాలి? ఎవరికి ఎంత చేబదులు ఇచ్చారు, ఎవరికి ఇవ్వాలి? బ్యాంకులో తాకట్టు బంగారం ఉన్నదా? మొక్కులు ఏమైనా మిగిలి ఉన్నాయా? చివరి దశలో ముక్కులో గొట్టం వేసి తిండి పెట్టడం, వెంటిలేటరు మీద ఉంచడం ఇష్టమేనా? చివరి ప్రశ్న అడగడానికి మీ నోరు రాకపోవచ్చు. అడిగితే మాత్రం చాలామంది పెద్దలు మనం అనుకున్నదానికంటే నిబ్బరంగా జవాబు చెబుతారు.

ఆ జవాబులను ఫోనులో వీడియోగా కూడా తీసుకోండి. వీడియో వీలునామాకు బదులు కాదు, కానీ రేపు అన్నదమ్ముల మధ్య "బాపు అట్ల అనలేదు" అన్న గొడవ వస్తే ఉపయోగపడుతుంది.

4. కాగితాలు

అన్ని మెట్లలోకీ తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

అన్నింటికంటే పెద్ద అపోహ జీపీఏ (తన తరఫున ఆస్తి, డబ్బు వ్యవహారాలు చూడమని మరొకరికి రాసిచ్చే అధికార పత్రం) గురించినది. "నాకు జీపీఏ రాసిండు, ఇంక ఫికరు లేదు" అని చాలామంది కొడుకులు అనుకుంటారు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం, అధికారం ఇచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం ముగుస్తుంది. అంటే మీకు నిజంగా అవసరం వచ్చే రోజుకే అది చెల్లకుండా పోతుంది. ఆ తర్వాత కోర్టు ద్వారా సంరక్షకుణ్ని నియమింపజేసుకోవలసి వస్తుంది.

అందువల్ల తొలి దశలోనే కింది పనులు చేసుకోండి.

వీలునామా రాయించండి. ఇద్దరు సాక్షులు తప్పనిసరి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించడం మంచిది. సాక్షులుగా ఆస్తి పొందేవారిని పెట్టకండి. అదే రోజుల్లో, ఈ మనిషికి తన ఆస్తి, తన వారసులు, తాను చేస్తున్న పని తెలుసునని డాక్టరు చేత ధ్రువపత్రం తీసుకోండి. అల్జీమర్స్ అని చీటీలో ఉన్నంత మాత్రాన వీలునామా చెల్లకుండా పోదు. రాసిన సమయంలో అర్థం చేసుకునే స్థితి ఉన్నదా లేదా అన్నదే చూస్తారు.

బ్యాంకు ఖాతాను భార్య లేదా నమ్మకమైన మరొకరితో కలిపి, ఇద్దరిలో ఎవరైనా తీసుకునే పద్ధతికి మార్పించండి. నామినీ పేరు సరిచూడండి. ఆసరా పింఛను అయినా, సింగరేణి పింఛను అయినా, ప్రభుత్వోద్యోగి పింఛను అయినా, మనిషి ఆఫీసుకు రాలేని రోజు వస్తే ఏం చేయాలో ఇప్పుడే అడిగి రాసుకోండి. ఏటా ఇచ్చే జీవన ప్రమాణ పత్రం తేదీని నోటుపుస్తకం మొదటి పేజీలో రాయండి. పట్టాదారు పాసుపుస్తకంలోని సర్వే నంబర్లు, విస్తీర్ణం భూ భారతి రికార్డుతో సరిపోతున్నాయో ఆయన పక్కనుండగానే చూసుకోండి; ఏ గెట్టు ఎక్కడ ఉన్నదో చెప్పగలిగింది ఆయనొక్కరే కావచ్చు.

వైద్య నిర్ణయాలకు ఇంకో దారి ఉన్నది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద, తన తరఫున మాట్లాడే ప్రతినిధిని తెల్ల కాగితం మీద సంతకం లేదా వేలిముద్రతో నియమించుకోవచ్చు. చివరి దశ చికిత్స గురించి ముందస్తు పత్రం రాయడానికి సుప్రీంకోర్టు 2018లో అనుమతించింది. 2023లో పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షులతో నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు చేయించవచ్చు.

హెచ్చరిక: ఆస్తి మొత్తం తొందరపడి ఒక్కరి పేర రిజిస్ట్రేషన్ చేయించకండి. గిఫ్టు చేయక తప్పకపోతే, చూసుకోవాలన్న షరతును దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి. చూసుకోకపోతే 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీఓ ముందు ఆ బదిలీని రద్దు చేయమని కోరడానికి ఆ షరతే ఆధారం. దస్తావేజు రాసేవారు "అవసరం లేదు" అన్నా మీరు పట్టుబట్టండి.

5. చుట్టాలకు, వాడకు చెప్పండి

దాచడానికి కారణాలు నాకు తెలియక కాదు. మనుమరాలి సంబంధం చెడుతుందని భయం, "గాలి సోకింది, ఎవరో చేసిన్రు" అంటారని భయం. మొదటి భయానికి జవాబు ఉన్నది. ఒకే జన్యువు వల్ల తరం నుంచి తరానికి తప్పనిసరిగా వచ్చే అల్జీమర్స్ నూటికి ఒకటి కంటే తక్కువ, అది సాధారణంగా అరవై ఐదేళ్ల లోపే మొదలవుతుంది. డెబ్బై దాటిన తాతకు వచ్చింది కాబట్టి పిల్లకు తప్పక వస్తుందనడానికి ఆధారం లేదు. రెండో భయానికి మాటలతో జవాబు ఉండదు. తాయెత్తు కట్టిస్తే కట్టించనివ్వండి, మాత్ర మానిపిస్తే మాత్రం ఊరుకోకండి.

చెప్పే పద్ధతిలో నాకు నచ్చినది, ఆ మనిషి గొంతుతోనే చెప్పించడం. అమెరికా మాజీ అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ 1994 నవంబరులో తనకు ఈ జబ్బు ఉన్నదని స్వయంగా చేత్తో ఉత్తరం రాసి దేశానికి చెప్పారు. మన ఇళ్లలో ఉత్తరం అక్కర లేదు, కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ చాలు. "నాకు మరుపు జబ్బు వచ్చింది. పేర్లు తప్పు పిలుస్తె ఏమనుకోకుర్రి" అని పెద్దమనిషే చెబితే గుసగుసలకు చోటుండదు.

తర్వాత వాడలో ఉపయోగపడేవారికి చెప్పండి: కిరాణం దుకాణం, హోటలు, ఆటో అడ్డా, గుడి పూజారి, పక్కింటివారు. "మా బాపు ఒక్కడే దూరం పోతుంటే ఆపి నాకు ఫోను చేయి" అన్న ఒక్క మాట చాలు. జేబులో పేరు, ఊరు, రెండు ఫోను నంబర్లు రాసిన కార్డు పెట్టండి. మేడారం, ఐనవోలు, కొమురవెల్లి జాతరలకు తీసుకెళ్లకూడదని కాదు. తీసుకెళ్లినప్పుడు ఆయన కోసమే ఒక మనిషి ఉండాలి, రద్దీ రోజు కాకుండా ముందో వెనుకో వెళ్లాలి, బయలుదేరే ముందు ఆ రోజు వేసుకున్న బట్టలతో ఫొటో తీసి పెట్టుకోవాలి. తప్పిపోతే గంటలకొద్దీ మీరే వెతకకుండా వెంటనే 100 లేదా 112కు ఫోను చేయండి.

6. మందులు, పనులు

డోనెపెజిల్ ఎక్కువగా రాసే మందు. సాధారణంగా 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత అవసరమైతే 10కి పెంచుతారు. వికారం, విరేచనాలు, ఆకలి తగ్గడం, నాడి నెమ్మదించడం రావచ్చు. గుండె జబ్బు ఉంటే ముందే చెప్పండి. రాత్రి పీడకలలు వస్తే ఉదయం వేయవచ్చా అని డాక్టరును అడగండి. జబ్బు ముదిరే కొద్దీ మెమాంటిన్ కలుపుతారు. ఇవి జబ్బును ఆపవు. కొందరిలో కొంతకాలం నిలకడ ఇస్తాయి. మార్పు కనిపించలేదని మీ అంతట మీరు మానేయకండి. లెకానెమాబ్, డొనానెమాబ్ అనే ఇంజెక్షన్ల గురించి విని ఉంటారు. అవి తొలి దశలో, ప్రత్యేక పరీక్షలు చేసి ఎంచుకున్నవారికే ఇస్తారు, జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తాయే గానీ నయం చేయవు, మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదం ఉన్నందున పదేపదే ఎంఆర్ఐ తీయాలి. పొలం అమ్మాలా అని ఆలోచించే ముందు న్యూరాలజిస్టును అడగండి.

పనులు లాక్కోకండి. పాలు తేవడం, పల్లికాయ ఒలవడం, పొద్దున గుడికి వెళ్లడం సాగనివ్వండి. బైకు, పొలం మోటారు స్టార్టర్, పురుగుమందు కలపడం, గ్యాస్ పొయ్యి దగ్గర ఒంటరిగా ఉండడం మాత్రం ఆపాలి. యూపీఐ పిన్ను ఫోనులో అడిగే మోసగాళ్ల గురించి చెప్పినా గుర్తుండదు కాబట్టి ఆ ఖాతాలో కొద్ది డబ్బే ఉంచండి. కోడలు ఒక్కతే చూసుకుంటున్న ఇంట్లో ఆమె ఆరోగ్యం కూడా దెబ్బతింటుంది; గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న కొడుకు ఫోను చేసి సలహాలివ్వడం చూసుకోవడం కిందికి రాదు. సహాయకురాలి జీతం పంపడం, ఏటా కొన్నాళ్లు వచ్చి ఉండడం వస్తాయి. ఎవరు ఏ పని చేస్తారో నోటుపుస్తకంలో పేర్లతో రాయండి. వృద్ధుల హెల్ప్‌లైను 14567.

సరిగ్గా జరిగిందో లేదో చూసుకోవడం

జబ్బు పేరు గుర్తుందా అని పరీక్షించకండి. వారం తర్వాత ఆయన తన జబ్బు గురించి ఒక ప్రశ్న అయినా అడిగారా, ఎవరికైనా స్వయంగా చెప్పారా అన్నది చూడండి. అడిగితే చెప్పడం ఫలించినట్టే. ఆయన గదిలోకి రాగానే మీ మాటలు ఆగిపోతుంటే ఇంకా ఏదో దాస్తున్నారన్నమాట.

కాగితాల సంగతి తేల్చుకోవడానికి, మీ నోటుపుస్తకాన్ని ఇంట్లో ఇంకొకరికి ఇచ్చి ఒక రోజు మీరు బయటికి వెళ్లండి. మాత్రలు, డాక్టరు నంబరు, బ్యాంకు వివరాలు వారికి దొరికితే పుస్తకం పనికొచ్చినట్టు. కలిపిన ఖాతాలోంచి రెండో వ్యక్తి కొద్ది మొత్తం తీసి చూడాలి. జేబులోని కార్డును బడికి వెళ్లే పిల్లవాడి చేత చదివించి, అందులోని రెండు నంబర్లకూ ఫోను చేయించండి.

మాత్రల పని అంచనా వేయడానికి జ్ఞాపకశక్తి మార్కులు ఒక్కటే చాలవు. స్నానం, బట్టలు, తిండి, దారి, డబ్బు ఈ అయిదింటిలో ఎంత సాయం కావాలో నెలకోసారి ఒక్కో వాక్యం రాయండి, బరువు కూడా చూడండి. తర్వాతి సారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పేజీని, మిగిలిన మాత్రల స్ట్రిప్పులను తీసుకెళ్లండి. స్ట్రిప్పులో మాత్రలు లెక్కకంటే ఎక్కువ మిగిలి ఉంటే, మందు పనిచేయలేదనుకునే ముందు అది వేసుకున్నారో లేదో చూడవలసి ఉంటుంది.